ప్రెస్బిటేరియన్ అని రాసే ముందు రిజిస్టరు తెరవండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే జిల్లా పేజీల్లో పాత చర్చిల మీద కథనాలు వరసగా వస్తాయి. సంతోషమే. అయితే వాటిలో ఒక పొరపాటు ఏటా తిరిగి కనిపిస్తోంది. మందపాటి గోడలు, పాత గంట, పక్కన మిషన్ బంగ్లా ఉంటే చాలు, ‘ప్రెస్బిటేరియన్ చర్చి’ అనో ‘ఇంగ్లీషు దొరల చర్చి’ అనో రాసేస్తున్నారు. ఆ తప్పు పత్రికలోంచి శతజయంతి సంచికలోకి వెళుతుంది, అక్కడి నుంచి గ్రానైటు ఫలకం మీదికి ఎక్కుతుంది. ఒకసారి రాయి ఎక్కిందాన్ని దించడం ఎవరి తరమూ కాదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాం.

ముందు ఆ మాట సంగతి. ‘ప్రెస్బిటర్’ అంటే గ్రీకులో పెద్ద. తెలుగు బైబిలులో ‘సంఘపు పెద్దలు’ అని మనం చదివేది ఆ మాటకు తెలుగే. 1560లో, మత సంస్కర్త జాన్ నాక్స్ కాలంలో, స్కాట్లండు పోపుతో తెగతెంపులు చేసుకున్నాక అక్కడ వేళ్ళూనిన పద్ధతి ఇది. సంఘం ఎన్నుకున్న పెద్దలు, పాస్టరు కలిసి కూర్చునే సభ సెషన్. చుట్టుపట్ల సంఘాల పాస్టర్లు, పెద్దలు కలిసి కూర్చునేది ప్రెస్బిటరీ. ఆపైన సినడ్, అన్నిటికీ పైన జనరల్ అసెంబ్లీ. బిషప్పు ఉండడు. అలాగని ఏ సంఘమూ తన ఇష్టం వచ్చినట్టు నడవడానికీ లేదు. పాస్టరును కోరుకునేది సంఘం, ఆర్డినేషన్ (పాదిరిగా అభిషేకం) ఇచ్చి కూర్చోబెట్టేది ప్రెస్బిటరీ. సెషన్ మినిట్స్ (సభలో తేలినవి రాసే) పుస్తకాన్ని ఏటా ప్రెస్బిటరీకి పట్టుకెళ్ళాలి. వాళ్ళు చదివి, తప్పులుంటే ఎత్తిచూపి, చూసినట్టు సంతకం చేసి పంపుతారు. ఈ సంతకాన్ని గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది. విశ్వాసుల చంటిపిల్లలకు నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు.

బాప్టిస్టుల దారి వేరు. ఏ సంఘానికి ఆ సంఘమే యజమాని. కన్వెన్షనో అసోసియేషనో ఉన్నా అది సలహా చెబుతుంది, సాయం చేస్తుంది. సంఘం లోపలి నిర్ణయం సభ్యుల చేతులెత్తుడుతోనే తేలాలి. పాస్టరుకు తోడుగా ఉండేది డీకన్లు, అంటే పరిచారకులు. బిడ్డ పుడితే ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు తప్ప బాప్తిస్మం ఇవ్వరు. తెలివి తెలిసి, సంఘం ముందు సాక్ష్యం చెప్పినవాళ్ళను నీళ్ళలో పూర్తిగా ముంచి ఇస్తారు. ఒక చర్చి ఏ పద్ధతిదో తేల్చడానికి ఈ రెండు తేడాలు, చంటిబిడ్డ బాప్తిస్మం, పై సభ సంతకం, దాదాపు సరిపోతాయి.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వచ్చిందెవరు? 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. లండన్ మిషనరీ సొసైటీ మనుషులు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డి గ్రాంజ్ పోయారు. వాళ్ళ మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. ఈ సొసైటీలో కాంగ్రిగేషనలిస్టులతో (ఏ సంఘం పాలన ఆ సంఘానిదే అనేవాళ్ళతో) పాటు ప్రెస్బిటేరియన్లూ ఉండేవారు. సరిగ్గా అందుకే 1796లో వాళ్ళు ఒక నియమం రాసుకున్నారు: ప్రెస్బిటేరియన్ పద్ధతినో, బిషప్పుల పద్ధతినో, మరో పద్ధతినో పరదేశాలకు ఎగుమతి చేయకూడదు, సువార్త చెప్పాలి, సంఘం ఎలా నడవాలో అక్కడివాళ్ళే తేల్చుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరంలో వాళ్ళ స్టేషన్లు నడిచాయి. కాబట్టి ‘లండన్ మిషన్ కాబట్టి ప్రెస్బిటేరియన్’ అన్న లెక్క ఆ మిషన్ సొంత నియమం దగ్గరే వీగిపోతుంది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు కెనడా బాప్టిస్టులు. తూర్పు తీరపు నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ సంఘాలు మొదట సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) దేశంలో పని చేయాలనుకున్నాయి. 1875లో దాన్ని వదిలి తెలుగు దేశం వైపు మళ్ళాయి. భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడి, పాలకొండ, టెక్కలి వాళ్ళ స్టేషన్లు. లండన్ మిషన్ క్రమంగా ఈ వైపు నుంచి తప్పుకొని వాళ్ళకు వదిలింది. సాలూరు, పార్వతీపురం వైపు జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి లూథరన్లు వచ్చారు. కతోలికులకు 1846లో ఫ్రాన్సులోని అనెసీ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ ఫాదర్లు ఉన్నారు. వాళ్ళ పాత రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది.

మరి ప్రెస్బిటేరియన్లు ఎక్కడ? మద్రాసు ఎగ్మూరులో స్కాట్‌ల సెయింట్ ఆండ్రూస్ కర్క్ 1821లో తెరిచారు. జాన్ ఆండర్సన్ 1837లో మద్రాసులో పెట్టిన బడి పెరిగి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. వేల్సు ప్రెస్బిటేరియన్లు 1841లో ఖాసీ కొండలకు వెళ్ళారు. ఆ తర్వాత మిజో కొండలకూ పాకారు. అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి వారి ఆర్కాటు మిషన్ మదనపల్లెలో ఉండేది, పాలన తీరులో అదీ ఈ కుటుంబమే. కెనడాలో ప్రెస్బిటేరియన్లు ఎక్కువే గానీ వాళ్ళ మిషన్ 1877 నుంచి పనిచేసింది ఇండోర్ వైపు. 1925లో వారిలో ఎక్కువమంది మెథడిస్టులతో, కాంగ్రిగేషనలిస్టులతో కలిసి యునైటెడ్ చర్చ్ ఆఫ్ కెనడా అయ్యారు. ‘కెనడా మిషన్’ అన్న మాట విని ఈ ప్రెస్బిటేరియన్లతో ముడిపెట్టడం వల్లే సగం గందరగోళం. మిగతా సగం సి.ఎస్.ఐ. బోర్డుల వల్ల. 1908లో దక్షిణాది ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒకటై, 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లతో, మెథడిస్టులతో కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయ్యారు. అందులో పాస్టరు హోదా పేరు ‘ప్రెస్బిటర్’. బోర్డు మీద ‘ప్రెస్బిటర్ ఇన్‌చార్జి’ అని కనిపిస్తే అది ఆయన ఉద్యోగం పేరు. అక్కడ బిషప్పు కూడా ఉంటాడు! మన బాప్టిస్టు సంఘాలు ఆ కలయికలో చేరలేదు. ఈమధ్య పుట్టి, బోర్డు మీద ‘ప్రెస్బిటేరియన్’ అని రాసుకున్న సంఘాల లెక్క వేరు, వాటి జోలికి మేం పోవడం లేదు.

ఇక ఒక ఊరి చర్చి దగ్గరికి వెళ్ళి ఏం చూడాలి?

లోపలికి వెళ్ళగానే పుల్పిట్ (ప్రసంగ వేదిక) కింద నేల తట్టి చూడండి. బాప్టిస్టు చర్చయితే అక్కడ బాప్తిస్మపు తొట్టి ఉండే అవకాశం ఎక్కువ. మనిషికి నడుము లోతు నీళ్ళు నిలిచేలా, దిగడానికి మెట్లతో, అడుగున నీళ్ళు పోయే తూముతో కడతారు. పైన చెక్క పలకలు పరుస్తారు. రిపేర్ల పేరుతో మార్బుల్ పరిచేసినచోట కూడా కింద బోలుగా మోగుతుంది. తొట్టి లేనంత మాత్రాన బాప్టిస్టు కాదనకండి. ఏటికో చెరువుకో వెళ్ళే అలవాటు చాలాకాలం నడిచింది. రిజిస్టరులో ‘స్థలం’ గడి కింద ఏటి పేరు ఉంటే విషయం తేలిపోయినట్టే. ప్రెస్బిటేరియన్ చర్చిలో తొట్టి బదులు చిన్న రాతి గిన్నెనో, లోహపు పళ్ళేన్నో వెతకాలి. స్కాట్లండులో ఇంకో వస్తువుండేది. ప్రభురాత్రి భోజనానికి (రొట్టె, ద్రాక్షరసం పంచే ‘బల్ల’కు) ముందు పెద్దలు ఇంటింటికీ వెళ్ళి, నడత సరిగా ఉందనుకున్నవాళ్ళకు చిన్న సీసపు బిళ్ళ ఇచ్చేవారు. బిళ్ళ లేనివాళ్ళకు బల్ల దగ్గర చోటు లేదు. ఆ బిళ్ళలు ఇప్పుడు నాణేలు సేకరించేవాళ్ళ దగ్గర దొరుకుతుంటాయి.

కప్పు చూసి ఏడాది చెప్పేవాళ్ళను నమ్మకండి. మనం బెంగుళూరు పెంకులనే మంగుళూరు పెంకుల మీద కంపెనీ పేరు, కొన్నిటి మీద ఏడాది అచ్చు వేసి ఉంటాయి. బాసెల్ మిషన్ మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. పెంకు మీద ఆ ఏడాది కనిపిస్తే అది కంపెనీ పుట్టిన ఏడాది. పెంకు అంతకు 50 ఏళ్ళ తర్వాత కాల్చిందీ కావచ్చు, గోడలు పెంకు కంటే పాతవీ కావచ్చు.

అసలు సరుకు బీరువాలో ఉంటుంది. ఒక పాత సంఘంలో మామూలుగా నాలుగు పుస్తకాలుంటాయి: మినిట్స్, సభ్యుల రిజిస్టరు (ఇందులోనే బాప్తిస్మాలు), పెళ్ళిళ్ళ రిజిస్టరు, కానుకల లెక్కల పుస్తకం. నాలుగింటిలో ముందుగా తెరవాల్సింది పెళ్ళిళ్ళదే, ఎందుకంటే అది చట్టం ప్రకారం నడిచింది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం సెక్షన్ 5లో ఎవరెవరు పెళ్ళి చేయవచ్చో వరస ఉంది. బిషప్పు చేత ఆర్డినేషన్ పొందినవాళ్ళ తర్వాత రెండో వరసలోనే చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ పాదిరి పేరుంది, ఆయనకు విడిగా లైసెన్సు అక్కర్లేదు. బాప్టిస్టు పాస్టరుకు ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కావాలి. కాబట్టి పెళ్ళి చేసినవారి సంతకం కింద ‘లైసెన్సు పొందినవారు’ అని ఉందా, ‘చర్చ్ ఆఫ్ స్కాట్లండ్’ అని ఉందా చూడండి. అమెరికా ప్రెస్బిటేరియన్లకూ లైసెన్సు తప్పదు గనుక, లైసెన్సు ఉన్నంత మాత్రాన బాప్టిస్టు అని తేల్చకండి. స్కాట్లండ్ పేరు లేకపోతే మాత్రం స్కాట్‌ల చర్చి అనే మాట వదులుకోవచ్చు.

అదే పుటలో ఊరి చరిత్ర కూడా ఉంటుంది. వధూవరుల వయసు, మొదటి పెళ్ళా మారుమనువా, వృత్తి, నివాసం, తండ్రి పేరు, సంతకాలు: ఇవన్నీ గడుల్లో వరసగా ఉంటాయి. వృత్తి గడిని పదేళ్ళ చొప్పున లెక్కపెడితే కూలి, నేత, టీచరు, కాంపౌండరు, నర్సు ఎప్పుడెప్పుడు పెరిగారో తెలుస్తుంది. పెళ్ళికూతురు వేలిముద్ర వేసిందా, తెలుగులో సంతకం చేసిందా అన్న ఒక్క గడి చాలు, ఆ ఊళ్ళో ఆడపిల్లల బడి ఎంత పనిచేసిందో చెప్పడానికి. వయసులు చూసి కంగారుపడి దిద్దకండి. సర్టిఫికెట్టు పద్ధతిలో జరిగే దేశీయ క్రైస్తవుల పెళ్ళికి అబ్బాయికి 16, అమ్మాయికి 13 దాటితే చాలన్నది ఆ చట్టంలో మొదట ఉన్న మాట.

బాప్తిస్మాల పుస్తకంలో వయసు గడి చూడండి. నెలల పిల్లలుంటే అది బాప్టిస్టు పుస్తకం కాదు. మొదటి పుటల్లో చంటిపిల్లలు ఉండి, ఒక ఏడాది నుంచి అకస్మాత్తుగా పెద్దవాళ్ళే కనిపిస్తే సంఘం చేతులు మారిందన్నమాట. లండన్ మిషన్ నుంచి బాప్టిస్టులకు వచ్చిన సంఘాల్లో వెతకాల్సిన గుర్తు ఇదే. అలాంటిచోట చిన్నప్పుడు ఒకసారి, పెద్దయ్యాక ఇంకోసారి ఒకే మనిషి రెండు వరసల్లో ఎక్కే వీలుంది. ఇద్దరుగా లెక్కేస్తే మొత్తం తప్పుతుంది. పేర్ల చిక్కు ఇంకోటి: పాత పేరు ఒకటి, బాప్తిస్మంలో పెట్టిన యాకోబో రత్నమ్మో ఇంకోటి. తండ్రి పేరు, ఊరు, తేదీ మూడూ కలిస్తేనే ఒకే మనిషి అనుకోవాలి.

సభ్యుల సంఖ్య దగ్గర అందరూ జారిపడతారు. బాప్టిస్టు లెక్కలో ‘సభ్యులు’ అంటే బాప్తిస్మం పొందినవాళ్ళే. ఇంట్లో పిల్లలు, ఆదివారం వచ్చి కూర్చునే బంధువులు అందులో లేరు. ప్రెస్బిటేరియన్ పుస్తకంలో బల్లలో పాలుపొందేవాళ్ళు ఒక పట్టీ, బాప్తిస్మం అయిన పిల్లలు ఇంకో పట్టీ. జనాభా లెక్కల్లో మాత్రం కుటుంబం మొత్తం. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి ‘సంఘం తగ్గిపోయింది’ అని రాయడం శుద్ధ తప్పు. మినిట్స్‌లో ‘ఉత్తరం మీద చేర్చుకొనడమైనది’, ‘ఉత్తరమిచ్చి పంపడమైనది’ అన్న వాక్యాలను విడిగా రాసుకోండి. ఒక సంఘం నుంచి మరో సంఘానికి సభ్యత్వం బదిలీ అయ్యే కాగితమే ఆ ఉత్తరం. రంగూను వెళ్ళినవాళ్ళు, జూట్ మిల్లుకు వెళ్ళినవాళ్ళు, రైల్వేలో చేరినవాళ్ళు ఉంటే కనిపించేది ఆ వాక్యాల్లోనే. మినిట్స్ కింద ఏటా బయటి సభ సంతకం పడుతోందో లేదో అప్పుడే చూసేయండి. మొదట్లో చెప్పిన ప్రెస్బిటరీ సంతకం అదే. అది లేకుండా ‘సభ్యులందరూ చేతులెత్తి అంగీకరించిరి’ అని ముగుస్తుంటే బాప్టిస్టు పద్ధతి.

లెక్కల పుస్తకం చదవడం ఇప్పటివాళ్ళకు కష్టం. 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పాత గుమస్తాలు అంకెలు కాక గీతలు పెట్టేవారు: నిలువు గీత ఒకటుంటే పావలా, రెండుంటే అర్ధరూపాయి, అడ్డగీత ఒకటుంటే అణా. ఒక నిలువు, రెండు అడ్డం అంటే ఆరణాలు. తెలియనివాళ్ళు నిలువు గీతను ఒకటి అంకెగా చదివి కానుకను రూపాయల్లోకి పెంచేస్తారు. ౧, ౭, ౯ కూడా పాత చేతిరాతలో ఒకదాన్ని చూసి ఒకటి అనుకునేలా ఉంటాయి. ఆ నెల మొత్తం కూడి సరిచూస్తే గానీ ఏది ఏదో తేలదు. గింజల కానుక కుంచాల్లో ఉంటుంది: కుంచానికి 2 అడ్డలు, 4 మానికలు, 8 తవ్వలు. వండే ముందు పిడికెడు బియ్యం తీసి సంఘానికి పక్కన పెట్టే అలవాటు గురించి మన సంఘాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మిజోరం ప్రెస్బిటేరియన్ ఆడవాళ్ళు 1910లో ఇదే పద్ధతి మొదలుపెట్టి, ఇప్పటికీ నడుపుతున్నారు. సిద్ధాంతంలో ఎంత దూరమైనా వంటింట్లో అందరూ ఒకటే.

ఈ పుస్తకాలు పాడయ్యేది ఎక్కువగా ప్రేమ వల్లే. చిరిగిన పుటకు సెల్లో టేపు అంటిస్తారు. కొన్నేళ్ళకు ప్లాస్టిక్ ఊడిపోతుంది, జిగురు కాగితంలోకి దిగి పసుపు మరక అయిపోతుంది. లామినేషన్ ఇంకా ఘోరం, వేడికి అతికిందాన్ని వెనక్కి తీయలేం. బైండింగు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు కదా, అందులోని రాగి పాత కాగితాన్ని పెళుసు చేస్తుంది. ఆనాటి సిరాలో ఇనుము ఉంటుంది, దానికి తేమ తగిలితే అక్షరం ఉన్నచోటే కాగితం తినేసి రంధ్రం పడుతుంది. అందుకే తడిగుడ్డతో తుడవకూడదు. చెదలకు కిరసనాయిలు పూయడం అసలే వద్దు.

చేయాల్సింది తక్కువ ఖర్చు పని. బీరువాను గోడకు ఆరంగుళాలు ఎడంగా, నేలకు ఎత్తుగా జరపండి. పుస్తకాలను నిలబెట్టకుండా పడుకోబెట్టండి, ఒకదాని మీద ఒకటి మూడుకు మించొద్దు. గంజి పోయేలా రెండుసార్లు ఉతికి ఆరబెట్టిన కోరా గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు వేస్తే చిన్న గుడ్డసంచిలో కట్టి బీరువా మూల వేయండి, కాగితానికి తగలకూడదు. నెలకొకసారి తెరిచి, గాలి ఆడనిచ్చి, వెనక పలకకు చెద మట్టి పట్టిందేమో చూడండి.

ఫొటోలు తీయడానికి ఇద్దరుండాలి: ఒకరు పుటలు తిప్పడానికి, ఒకరు తీయడానికి. కిటికీ పక్కన నీడలో, ఫ్లాష్ లేకుండా తీయాలి. పుస్తకాన్ని పూర్తిగా పరిచి నొక్కితే వీపు విరుగుతుంది. అటూ ఇటూ మడతపెట్టిన తువ్వాళ్ళు పెట్టి సగమే తెరవాలి. ఫోనును స్టాండుకు బిగించి కాగితానికి సమాంతరంగా పెట్టండి, లేకపోతే ఒక పక్క అక్షరాలు మసకబారతాయి. అట్ట, ఖాళీ పుటలు, మధ్యలో పెట్టిన చీటీలు కూడా ఉన్నవి ఉన్నచోటే తీయాలి. ఖాళీ పుట వదిలేస్తే, రేపు చూసేవాళ్ళకు అక్కడ పుట లేదా, తీయడం మరిచారా అన్నది తెలియదు. ప్రతి పుస్తకానికీ మొదటి ఫొటోలో పేరు, ఏడాదులు రాసిన చీటీ, పక్కన స్కేలు పెట్టండి. అయ్యాక ఫొటోల సంఖ్య, పుటల సంఖ్య సరిచూసుకోవాలి. అతుక్కున్న పుటలు రెండు కలిసి తిరిగిపోవడం మామూలే. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి అణాల గీతలు చెరిగిపోతాయి, డాక్యుమెంటుగా పంపండి. ఒక కాపీ చర్చిలో, ఒకటి వేరే ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి.

వేరే ఊళ్ళో అన్నది ఊరికే రాయలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను. రెండూ నాలుగేళ్ళ తేడాతో మన తీరం మీదే పడ్డాయి. తడిసిన పుస్తకానికి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. ఎండలో పెడితే అట్ట వంకరపోయి పుటలు అతుక్కుంటాయి. నీడలో, ఫ్యాను కింద, పది పుటలకొకటి చొప్పున అచ్చు లేని తెల్ల కాగితం పెట్టి, తడి పీల్చగానే మారుస్తూ ఉండాలి. పాత న్యూస్‌పేపరు పెడితే మీ పత్రిక వార్తలన్నీ రిజిస్టరు మీద అచ్చవుతాయి. అతుక్కున్నవాటిని తడిగా ఉండగా విడదీయొద్దు. మరీ ఎక్కువ పుస్తకాలు తడిస్తే పాలిథిన్ సంచుల్లో విడివిడిగా కట్టి గడ్డకట్టించేస్తే బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. చేపల కోల్డ్ స్టోరేజీ ఉన్న ఊళ్ళలో అడిగితే కాదనరు.

ఫలకాల గురించి రెండు మాటలు. పునాది రాయి మీద ఏళ్ళ తరబడి వేసిన సున్నాన్ని ఇనుప బ్రష్షుతోనో యాసిడ్‌తోనో గీకేస్తే అక్షరమూ పోతుంది. చీకటి పడ్డాక టార్చిలైటును రాయికి పక్కగా, దాదాపు ఆనించి వేస్తే పూడిపోయిన గీతలు కూడా నీడలతో పైకి లేస్తాయి. అప్పుడు ఫొటో తీయండి. ఆ తర్వాతే ఎవరైనా అక్షరాలకు నల్ల రంగు నింపాలి. ముందే నింపితే పెయింటరుకు కనిపించిన 3, 8 చరిత్రలో స్థిరపడిపోతాయి. గోడల విషయానికొస్తే, డంగు సున్నంతో కట్టినదానికి సిమెంటు ప్లాస్టరింగు వేయించకండి. లోపలి చెమ్మ బయటికి రాలేక గోడ కింది భాగంలో రెండు మూడడుగుల మేర ఉప్పు పొంగి, ప్లాస్టరు అట్టలుగా ఊడిపోతుంది, దాంతో పాటు పాత ఇటుక పొరా వస్తుంది.

ఒక హెచ్చరిక. రిజిస్టర్లన్నీ ఫేస్‌బుక్‌లో పెట్టేద్దామనే ఉత్సాహం కొన్ని సంఘాల్లో ఉంది. వద్దు. ఆ పుస్తకాల్లో కులం గడి ఉంటుంది, క్రమశిక్షణ కింద వెలి వేసినవాళ్ళ పేర్లు, కారణాలు ఉంటాయి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్ళకు బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. బాప్తిస్మం కాగితం ఒక ఇంటికి సర్టిఫికెట్టు తెచ్చిపెట్టవచ్చు, ఇంకో ఇంటికి ఉద్యోగం మీదికి తేవచ్చు. వందేళ్ళ లోపు పుటలను ఆయా కుటుంబాలకు తప్ప చూపకుండా ఉండటం మంచిది. సంచికలో అచ్చు వేయాలంటే సంఖ్యలు, వృత్తులు, ఊళ్ళు వేయండి, పేర్లు వదిలేయండి.

రిజిస్టరు పోయిందని చేతులెత్తేసిన సంఘాలకు ఇంకా దారి ఉంది. 1872 చట్టం ప్రకారం లైసెన్సు పొందిన పాస్టరు పెళ్ళి సర్టిఫికెట్టును నెల లోపల జిల్లా మ్యారేజి రిజిస్ట్రారుకు పంపాలి, అక్కడి నుంచి అది రిజిస్ట్రార్ జనరల్‌కు వెళ్ళాలి. కెనడా మిషన్ కాగితాలు అంటారియోలోని హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీ దగ్గర, నోవా స్కోషియాలోని అకేడియా యూనివర్సిటీలో ఉన్నాయి. మన వైపు వచ్చినవాళ్ళు కెనడా తూర్పు తీరంవాళ్ళు గనుక ముందు అకేడియాకు రాయండి. లండన్ మిషన్ ఉత్తరాలు లండన్‌లోని సోయాస్ యూనివర్సిటీలో, స్కాట్‌ల మిషన్ కాగితాలు ఎడింబరోలోని నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. రాసేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. అంతకు ముందు విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం పట్టణమైతే 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండేది, కాబట్టి పాత పెళ్ళి సర్టిఫికెట్లను గంజాం కట్టలో వెతకాలి. రెండోది స్పెల్లింగు. ఆ కాగితాల్లో శ్రీకాకుళం లేదు, ‘చికాకోల్’ ఉంది. భీమునిపట్నం ‘బిమ్లిపటం’, విశాఖ ‘వైజాగపటం’. విజయనగరాన్ని ‘విజియానగ్రం’ అని, ఇంగ్లీషులో g తర్వాత a లేకుండా రాసేవారు. ఇప్పటి పేరుతో ఉత్తరం రాస్తే అలాంటి ఊరు మా దగ్గర లేదనే జవాబు వస్తుంది.

ఇట్లు,
పాత సంఘ రికార్డులు చూసే కొందరం,
శ్రీకాకుళం